గిన్నెల మామ జవాబులు

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక పాత్రల అంగట్లో నలభై ఒక్క ఏళ్లు కూర్చుని, ఊరి జనం గిన్నెల మీద పేర్లు కొట్టినవాణ్ణి. ఇప్పుడు బైరాగిపట్టెడలో ఇంట్లో కూర్చుని ఉత్తరాలు చదువుతుంటాను. పెద్ద విషయాలకు పెద్దవాళ్లు ఉన్నారని, చిన్న విషయాలకే మనుషులు దొరకడం లేదని చెప్పి సంపాదకులవారు ఈ పేజీ నా చేతిలో పెట్టారు. ఈ నెల ఉత్తరాలు జాస్తిగానే వచ్చాయి. అందులో రెండు నన్ను తిట్టేవి. ఒకదానికి కింద జవాబు ఉంది. రెండోది మా బావమరిది రాసింది, దానికి ఇంట్లోనే చెప్పుకుంటాను.

ప్రశ్న: కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తే ఆ సీటు మనది అయిపోతుందా? మొన్న తిరుపతి బస్టాండులో నేను వేసిన కర్చీఫును ఒకాయన తీసి, మడిచి, నా చేతికే ఇచ్చి, అదే సీట్లో కూర్చున్నాడు. చట్టం ఏమంటుంది?
— నిలబడి వచ్చినవాడు, పీలేరు

చట్టం ఏమీ అనదు నాయనా. కండక్టరు అసలే అనడు, ఆయన టికెట్టు కొట్టేది మనిషికి, సీటుకు కాదు. అయినా కర్చీఫుకు ఒక మర్యాద ఉంది. టికెట్టు తీసుకున్నవాడు నిలబడితే పాపమని ఎవరూ అనరు గానీ, కర్చీఫు వేసినవాడు నిలబడితే బస్సంతా అయ్యో అంటుంది.

ఇందులో అంతస్తులు ఉన్నాయి. అన్నిటికంటే కింద న్యూస్ పేపరు. అది వేసిపోతే, మీరు ఎక్కేలోపల పక్కవాడు సినిమా పేజీ చదువుతుంటాడు. దానిపైన కర్చీఫు. కర్చీఫుకంటే తువ్వాలు గట్టిది, ఎందుకంటే తువ్వాలు వేసినవాడు పల్లెటూరివాడు, గొంతు పెద్దది. తువ్వాలుకంటే సంచి, అందులో ఏముందో తెలియదు కాబట్టి. అన్నిటికంటే పైన పిల్లాడు. కిటికీలోంచి పిల్లాణ్ణి లోపలికి దింపితే ఆ సీటును ఎవరూ ముట్టుకోరు. కాకపోతే బస్సు కదిలేలోపల మీరూ ఎక్కాలి. 1991లో మా చిన్నోణ్ణి అట్లా దింపి, నేను వెనక తలుపు దగ్గర ఇరుక్కుపోయాను. వాడు ఏడవకుండా పక్కావిడ ఇచ్చిన చెనిక్కాయలు తింటూ మంగళం దాకా పోయాడు. నేను ఆటోలో వెంటపడ్డాను. సీటు మాత్రం భద్రంగా ఉంది.

మీ విషయంలో తప్పు ఆయనది కాదు. కర్చీఫు మడిచి ఇచ్చాడని రాశారు. మడిచి ఇచ్చేంత శుభ్రమైన కర్చీఫు వేస్తే ఎవరైనా తీస్తారు. ఈసారి ముక్కు తుడుచుకున్నది వేయండి. బాకరాపేట ఘాటులో మలుపు మలుపుకూ కమ్మీ పట్టుకుని ఊగే పని తప్పుతుంది.

ప్రశ్న: నిద్రపోయేవాళ్లను లేపి "నిద్రపోతున్నావా?" అని ఎందుకు అడుగుతారు?
— నైట్ డ్యూటీ మనిషి, రేణిగుంట

"ఆ" అని చెప్పి అటు తిరిగి పడుకోండి. అడిగినవాళ్లకు అదే చాలు.

ప్రశ్న: మా అత్తమ్మ కందిబేళ్లకు నాలుగు కూతలంటుంది. మా అమ్మ ఆరంటుంది. కుక్కరు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో కూతల మాటే లేదు, నిమిషాలు రాసి ఉన్నాయి. ఎవరి మాట వినేది?
— ఇద్దరి మధ్య నలిగే కోడలు, పుత్తూరు

పుస్తకం మాట వినమ్మా, కానీ ఇంట్లో చెప్పకు.

కుక్కరు లోపల ఆవిరి చిక్కబడి, బయటి గాలి ఒత్తిడికి దాదాపు రెండింతలు అవుతుంది. అందువల్ల నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరగకుండా నూట ఇరవై దాకా పోతాయి. ఉడికించేది ఆ వేడి. కూత అంటే, ఎక్కువైన ఆవిరి పైనున్న బరువును ఎత్తి బయటికి పోవడం, అంతే. మంట పెద్దది పెడితే ఆరు కూతలు గబగబా వస్తాయి, పప్పు మాత్రం ఉడకదు. మంట తగ్గిస్తే ఒక్క కూతా రాదు, పప్పు మెత్తగా ఉంటుంది. కూతలు లెక్కపెట్టి వంట చేయడం, కండక్టరు విజిళ్లు లెక్కపెట్టి చిత్తూరు ఎంత దూరమో చెప్పినట్లు ఉంటుంది.

దీన్ని కనిపెట్టింది డెనీ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన, 1679లో. ఎముకలు కూడా మెత్తబడేట్టు ఉడికించాలని ఆయన తాపత్రయం. గిన్నె పేలకుండా బరువు పెట్టిన ఆవిరి మూత కూడా ఆయనే అమర్చాడు. ఆ మూత ఏనాటికైనా అత్తాకోడళ్ల మధ్య సాక్షిగా నిలబడుతుందని ఆయనకు తోచి ఉండదు.

ఒకసారి మీ అత్తమ్మను హార్సిలీ హిల్స్‌కు తీసుకుపో. అక్కడ ఎత్తు నాలుగు వేల అడుగులు దాటుతుంది, మూత లేని గిన్నెలో నీళ్లు దగ్గర దగ్గర తొంభై ఆరు డిగ్రీలకే మరిగిపోతాయి. పప్పు ఒక పట్టాన ఉడకదు. "చూశారా అత్తమ్మా, తప్పు నాది కాదు, కొండది" అనొచ్చు. అక్కడికి కుక్కరు మాత్రం తీసుకుపోవద్దు, వాదన చెడుతుంది.

ప్రశ్న: రిమోటుకు ప్లాస్టిక్ కవరు తొడిగి, దానికి రబ్బరు బ్యాండు వేసి, అది పనిచేయనప్పుడు తొడ మీద కొట్టే మా ఆయనను ఏం చేయాలి?
— ఒక భార్య, చిత్తూరు

ఏమీ చేయకండి. ఆ ఇంట్లో సోఫాకు కవరు, కవరు మాసిపోకుండా దాని మీద టవలు ఉంటాయని, చుట్టాలు వస్తే టవలు మాత్రం తీస్తారని నేను ఇక్కడి నుంచే చెప్పగలను. వస్తువును మొదటి రోజులాగే ఉంచి, మొదటి రోజు నుంచే చూడకుండా ఉండటం మన పద్ధతి. మా అంగట్లో స్టీలు బిందెకు అంటించిన కాగితం చీటీని గోటితో గీకినందుకు ఒక పెద్దాయన నా మీద చేయి ఎత్తాడు. చీటీ ఉంటే కొత్తది అన్నట్టు. పదేళ్లయినా ఆ చీటీ అట్లాగే ఉండాలి.

కొట్టడం మాత్రం పూర్తిగా వెర్రి కాదు. లోపల బ్యాటరీ కొనలకూ రేకు ముక్కలకూ మధ్య చిలుము పొర పడుతుంది. కొట్టినా, బ్యాటరీని వేలితో అటూ ఇటూ దొర్లించినా, ఆ పొర కాస్త గీసుకుపోయి మళ్లీ కలుస్తుంది. కొందరు బ్యాటరీని తీసి పళ్లతో కొరుకుతారు, అది ఎందుకో నాకూ అంతు చిక్కలేదు. మా ఇంట్లో ఆ పని నేను చేసేవాణ్ణి, పళ్లు కట్టించుకున్నాక మానేశాను.

ప్రశ్న: పోయిన నెల మీరు "అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు" అని రాశారు. ఇది తప్పు. నలభై ఏళ్ల అనుభవం అని చెప్పుకునేవారు ఇట్లా రాయొచ్చునా?
— ఇంజనీరింగు చదివే మనవడు, ఏర్పేడు

రాయకూడదు. లెంపలేసుకున్నాను. మా ఇంటావిడ కూడా చూసింది.

విషయం ఇది. మూడు వందల నాలుగు నంబరు స్టీలులో నూటికి సుమారు పద్దెనిమిది పాళ్లు క్రోమియం, ఎనిమిది పాళ్లు నికెలు. దానికి అయస్కాంతం అంటుకోదు. రెండు వందల వరస స్టీలులో నికెలు తగ్గించి, ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. అది చవక రకం, దానికీ అయస్కాంతం అంటుకోదు. నాలుగు వందల ముప్పై నంబరుకు గట్టిగా అంటుకుంటుంది, అట్లని అది చెడ్డదేమీ కాదు. పైగా ఇండక్షన్ పొయ్యి మీద పెట్టాలంటే అడుగున అయస్కాంతం పట్టే లోహమే ఉండాలి. కాబట్టి అంగట్లో అయస్కాంతం తీసి గిన్నెకు ఆనించి, తల పంకించి, "ఊఁ" అనడం ఎందుకంటే, గిన్నెను పరీక్షించడానికి కాదు, అంగడివాణ్ణి బెదిరించడానికి. నేనూ నలభై ఏళ్లు బెదిరిపోయినట్టు నటించాను. ఆ నటనే నిజమనుకుని రాసేశాను.

ప్రశ్న: గిన్నెల మీద పేర్లెందుకు? మా ఇంట్లో చెంచాల మీద కూడా తాతగారి పేరు ఉంది. చెంచా ఎవరు ఎత్తుకుపోతారు?
— ఒక కొత్త అల్లుడు, పలమనేరు

ఎన్నాళ్లకు అడిగారు అల్లుడుగారూ! ఈ పేజీ మొదలుపెట్టింది ఈ ఒక్క ప్రశ్న కోసమే.

మొదట దీని పుట్టుక. స్టెయిన్‌లెస్ స్టీలును 1913లో ఇంగ్లండులో షెఫీల్డు అనే ఊళ్లో హారీ బ్రియర్లీ తీశాడు. ఆయన వెతికింది తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఉండే లోహం కోసం. దొరికింది మన సాంబారు గిన్నె. అందులో పదిన్నర పాళ్లకు తగ్గకుండా క్రోమియం ఉంటుంది. గాలి తగిలితే దాని మీద కంటికి కనపడని పొర ఒకటి ఏర్పడుతుంది. గీత పడితే ఆ గీత మీద కూడా మళ్లీ పొర అదే అల్లుకుంటుంది. అందుకే నేను ఎంత లోతుగా పేరు కొట్టినా అక్కడ తుప్పు పట్టదు. ఇనుప బాణలి మీద పేరు చెక్కి చూడండి, రెండు వానాకాలాలకు తుప్పు మిగులుతుంది, పేరు పోతుంది.

1978లో నేను చేరినప్పుడు కరెంటు మిషను లేదు. చిన్న ఉలి, చిన్న సుత్తి. గిన్నెను మోకాళ్ల మధ్య కొయ్యదిమ్మె మీద బోర్లించి, చుక్క పక్కన చుక్క. మన లిపి గుండ్రంగా తిరిగింది తాటాకు చిరిగిపోకుండా అని పెద్దలు చెబుతారు. తాటాకుకు ముద్దొచ్చిన ఆ గుండ్రాలే స్టీలుకు పగ. ఉలికి నేరుగా పోవడమే తెలుసు, తిరగడం తెలియదు. ఒక "ల" కొట్టాలంటే పదిహేను చుక్కలు, చివర తోక దగ్గర ఊపిరి బిగబట్టాలి. తలకట్టు మాత్రం హాయి, రెండు దెబ్బలు. మా అంగడికి తిరుత్తణి నుంచి, వేలూరు నుంచి అరవంవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్ల లిపిలో వత్తులు లేవు, అక్షరం నెత్తిన పుళ్లి అని ఒక చుక్క పెడతారు. ఒక్క దెబ్బ, అయిపోయె! అరవ అక్షరాలు నేను బడిలో నేర్చుకోలేదు, గిన్నెల మీద నేర్చుకున్నాను. ఇప్పటికీ అరవంలో పేర్లు తప్ప ఇంకేమీ చదవలేను.

1984లో మిషను వచ్చింది. పెన్ను లాంటిది, దాని ములుకు పైకీ కిందికీ ఆడుతుంది. మన కరెంటుకు నిమిషానికి ఆరు వేల దెబ్బలు. సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముద్ద పట్టుకుంటే వేళ్లు ఇంకా గుర్రుమంటూనే ఉండేవి. మా చిన్నోడు చెవి దగ్గర నా బొటనవేలు పెట్టుకుని "నాయనా, తుమ్మెద" అనేవాడు.

ఇక కూలి లెక్క. మా దగ్గర కొంటే పేరు ఉచితం, బయటి గిన్నె తెస్తే అక్షరానికి పావలా. ఇక్కడే గొడవంతా. "లక్ష్మి" ఎన్ని అక్షరాలు? తెచ్చినావిడ రెండే అంటుంది: ల, క్ష్మి. మా యజమాని నాలుగంటాడు: ల, క, ష, మ. తిరుపతిలో ఆ పేరు లేని ఇల్లు ఉందా? రోజుకు పదిసార్లు ఇదే పంచాయితీ. "వెంకటేశ్వర్లు" వస్తే ఇంక చెప్పనక్కర్లేదు, ఈ ఊళ్లో ఆ పేరుకు కరువా! చివరికి యజమాని ఒక తీర్పు ఇచ్చాడు: అక్షరానికి పావలా, కింద వేలాడే వత్తుకు అందులో సగం. సగమంటే పన్నెండున్నర పైసలు. అంత విలువకు బేడ ఒకటి ఉండేది గానీ, అది అణాలతోనే పోయింది. కాబట్టి వత్తున్నవాళ్లందరికీ బోకులు తోమే పీచు ఒక తునక చేతిలో పెట్టి పంపేవాళ్లం. ఆ రోజుల్లో ఊళ్లో లక్ష్ముల ఇళ్లల్లో గిన్నెలు తళతళలాడేవి.

ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. 1986లో ఒకాయన పెళ్లి సామాన్లతో పాటు ఒక పెద్ద గంగాళం కొన్నాడు. చీటీ రాసిచ్చి కాఫీకి పోయాడు. చీటీలో "లక్ష్మి పెద్దది" అని ఉంది. పెద్ద గంగాళం మీద "లక్ష్మి" అని కొట్టమని ఆయన ఉద్దేశం. నేను చీటీలో ఉన్నది ఉన్నట్టు కొట్టాను: లక్ష్మి పెద్దది. ఆయన వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. స్టీలు మీద కొట్టింది చెరపడం కుదరదు. అరగదీసి మెరుగు పెడితే పేరు పోతుంది, కానీ అద్దం లాంటి మచ్చ ఒకటి మిగిలి, "ఇక్కడ ఒక పేరుండేది" అని పేరుకంటే గట్టిగా చెబుతుంది. సరే పోనీ, అని తీసుకుపోయాడు.

కథ అయిపోయిందనుకున్నాను. ఏడేళ్ల తర్వాత ఇద్దరు ఆడవాళ్లు అంగడి మెట్లెక్కారు. అక్కాచెల్లెళ్లు. వాళ్లింట్లో అక్కను అందరూ "పెద్దది" అని పిలుస్తారట. లక్ష్మి అన్నది చెల్లెలి పేరు. తండ్రి పోయాడు, సామాన్లు పంచుకుంటున్నారు. గంగాళం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి! కొట్టింది నువ్వే కదా, ఎవరి కోసం కొట్టావో చెప్పు అన్నారు. ఎవరి కోసమూ కాదమ్మా, చీటీ చూసి కొట్టాను అంటే నమ్మలేదు. "కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?" అంది పెద్దది. మన వైపు అంతకుమించిన కోర్టు లేదు కదా. బావి దగ్గర వినాయకుడి ముందు నిలబడి, గంగాళం గురించి ప్రమాణం చేసిన మొదటి మనిషిని నేనే అవుతానేమోనని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి ఎట్లా తెగిందంటే, దాన్ని ఇద్దరూ వదిలేశారు. వాళ్ల వీధివాళ్లు గంగమ్మ జాతరకు అంబలి కాయడానికి పెట్టుకున్నారు. ఇప్పటికీ ఏటా మే నెలలో అందులో అంబలి పోస్తారు. పోయించుకునేవాళ్లు పేరు చదివి, ఎవరో లక్ష్మి అనే పెద్దావిడ ఇచ్చిందని దండం పెడతారు.

మీరు అడిగింది పేరెందుకని. రాయలవారిని అడగండి. తిరుమల గుడి లోపల కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడిన విగ్రహాలు ఉన్నాయి. వాళ్ల భుజాల మీద పేర్లు చెక్కి ఉంటాయి. అంత రాజుకే, ఇది నేనేనని భుజం మీద రాయించుకోక తప్పలేదు. ఇక అన్నమయ్య. పాడినవి పాడినట్టు గాలిలో పోకుండా రాగిరేకుల మీద చెక్కించి గుళ్లో ఒక అరలో పెట్టారు. రెండు వేలకు పైగా రేకులు. 1922లో వాటిని మళ్లీ వెలికి తీశారు. పాటలు ఎవరివో లోకమంతా చెబుతుంది. రేకు మీద గుండ్రాలు తిప్పినవాళ్ల వేళ్లు సాయంత్రానికి గుర్రుమన్నాయా లేదా అని నేనొక్కణ్ణే ఆలోచిస్తాను. వాళ్లది అచ్చంగా నా పని. వాళ్లకు వత్తులకు ఎంతిచ్చారో!

చెంచా సంగతి మరిచాను. చెంచా ఎవరూ ఎత్తుకుపోరు. కానీ మీ తాతగారి ఇంట్లో ఆరు చెంచాలకు ఆరుగురు మనవలు ఉండి ఉంటారు.

ప్రశ్న: పెళ్లికి నూట పదహార్లు ఎందుకు చదివిస్తారు? నూట పదిహేను ఇస్తే ఏమవుతుంది?
— లెక్కల మేష్టారు, నగరి

నూట పదిహేను ఇస్తే, ఒక్క రూపాయి ఎవడు కొట్టేశాడని పెళ్లివారు వెతుకుతారు.

దీనికి ఒక కథ చెబుతారు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా అని వేరే రూపాయి నడిచేది. ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. ఆ లెక్కన వందకు నూట పదహారుకు పైచిలుకు వస్తుంది, అందుకే నూట పదహార్లు అని. బాగానే ఉంది గానీ, ఆ రోజుల్లో మన తిరుపతి, చిత్తూరు మద్రాసు సర్కారు కింద ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నాయి. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. మనకు నిజాం రూపాయితో పనేముంది? నాకు రెండో మాటే నచ్చుతుంది: రూపాయికి పదహారణాలు, కాబట్టి పదహారు అంటే నిండు. పదహారణాల తెలుగు పిల్ల అనడం లేదా? 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి, అణాలు పోయాయి. లెక్క మాత్రం పోలేదు. మీ బళ్లో పిల్లలకు రూపాయికి నూరు పైసలని చెప్పి, సాయంత్రం పెళ్లికి పోయి పదహారు చదివించేది మీరే కదా మేష్టారూ.

ఇప్పుడు కవరుకే రూపాయి బిళ్ల అంటించి అమ్ముతున్నారు. లోపల ఏమీ పెట్టకుండా ఇచ్చినా ఆ రూపాయి మీద గౌరవం నిలబడుతుంది. నేను చూశాను. ఎవరిచ్చారో చెప్పను, బావమరిది ఈ పేజీ చదువుతాడు.

ప్రశ్న: గుడికి పోయినప్పుడు ఒక చెప్పు ఒక చోట, రెండో చెప్పు ఇంకో చోట విడిచిపెడితే దొంగలు ఎత్తుకుపోరని మా నాయన అంటాడు. నిజమేనా?
— ఒక కూతురు, శ్రీకాళహస్తి

నిజమే. మీ నాయన తెలివైనవాడు. ఆ తెలివి నాకూ ఉండేది. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఎడమది పూల అంగడి బల్ల కింద, కుడిది కొబ్బరికాయల బండి చాటున పెట్టి లోపలికి పోయాను. దర్శనం అయి బయటికి వచ్చేసరికి బండి లేదు. బండివాడు ఇంటికి పోయాడు, చెప్పు కూడా బండితోనే పోయింది. ఒంటి చెప్పుతో గాంధీ రోడ్డు మీద నడుస్తుంటే ఒక్కడు నవ్వలేదు, ఇది తిరుపతి కదా, ఏదో మొక్కు అనుకున్నారు. ఇద్దరు దండం కూడా పెట్టారు. మరుసటి రోజు బండి వచ్చింది, చెప్పు రాలేదు. దొంగ ఎత్తుకుపోలేదన్నది మాత్రం వాస్తవం.

ప్రశ్న: మా అమ్మ పోయాక బోకులు సర్దుతుంటే అటక మీద ఒక మూత గిన్నె దొరికింది. దాని మీద "క.వెం.సు. 14-6-79" అని ఉంది. మా పుట్టింటివైపు గానీ, మెట్టినింటివైపు గానీ ఆ అక్షరాలవాళ్లు లేరు. ఎవరిదయ్యా ఇది? ఇప్పుడు తిరిగి ఇవ్వాలా? ఫోటో పంపుతున్నాను.
— ఒక ఆడపడుచు, చంద్రగిరి

అమ్మా, ఫోటో చూశాను. కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి.

ఇది మీ అమ్మ దొంగతనం కాదు, మంచితనం. ఎవరో అందులో పాయసమో, పండగ పిండివంటో పెట్టి ఇచ్చి ఉంటారు. గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మన ఆడవాళ్ల శాస్త్రం. ఏదైనా మంచిది చేసినప్పుడు అందులో పెట్టి ఇద్దామని దాన్ని కడిగి, తుడిచి, పైన పెడతారు. ఈ వారం కజ్జికాయలు చేద్దాం అనుకుంటారు, నెయ్యి ఉండదు. వచ్చే పండగకు అనుకుంటారు, మైల వస్తుంది. ఈలోపల వాళ్లు ఇల్లు మారిపోతారు. చెడ్డవాళ్లయితే మరుసటి రోజే ఖాళీ గిన్నె గడప మీద పెట్టి పోయి ఉందురు. మన ఊళ్లో ప్రతి ఇంటి అటక మీదా ఇట్లా ఎదురుచూసే గిన్నె ఒకటి ఉంటుంది. నేను పేర్లు కొట్టిన గిన్నెల్లో ఎన్ని సొంత ఇళ్లల్లో ఉన్నాయో నాకు అనుమానమే.

ఇంకొక సంగతి. ఆ తొమ్మిది అంకె తోక చూడమ్మా. ఎడమకు వంగి, చివరి చుక్క మిగతావాటికంటే లోతుగా ఉంది. అది నా చెయ్యి. అప్పటికి పనిలో చేరి ఏడాది, చివరి దెబ్బ గట్టిగా వేసేవాణ్ణి, యజమాని తిట్టేవాడు. 14-6-79 గురువారం. ఎవరు తెచ్చారో, పెళ్లికో గృహప్రవేశానికో, ఎంత తలబాదుకున్నా గుర్తు రావడం లేదు. చుక్కలు గుర్తున్నాయి, మనిషి గుర్తు లేడు. చంద్రగిరిలో మీ వీధి పాతవాళ్లను అడిగి చూడండి. దొరికితే ఖాళీగా ఇవ్వకండి.

మా ఇంట్లో సంగతి చెప్పి ముగిస్తాను. ఊరందరి గిన్నెల మీద పేర్లు కొట్టినవాడి ఇంట్లో ఒక్క గిన్నె మీద కూడా పేరు లేదు. అంగట్లో రోజంతా కొట్టి ఇంటికి వచ్చాక మళ్లీ మిషను పట్టుకోవాలంటే ప్రాణం ఒప్పుకునేది కాదు. పేరు లేదు కాబట్టి ఇచ్చినవి ఇచ్చినట్టే పోయాయి. తపేలాలు రెండు, ఒక మూకుడు, పెళ్లినాటి క్యారియరు. "ఆ క్యారియరు ఎవరింట్లో ఉందో నాకు తెలుసు, నాది అని ఎట్లా అడిగేది?" అని మా ఇంటావిడ నలభై ఏళ్లుగా అంటూనే ఉంది. మీ ఫోటో చూపించాక ఆ మాట మళ్లీ ఎత్తింది. పెట్టెలోంచి పాత మిషను తీశాను. కొత్తగా కొన్న మూత గిన్నెను మోకాళ్ల మధ్య పెట్టుకుని, పేరు ఎంత పెద్దగా కావాలని అడిగాను. వత్తులు వద్దు, చిన్నగా చాలు అంది. మొదటి అక్షరం సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇప్పటికి రెండు గంటలైంది.